బఠాణీ తీగల మధ్య ఒక రైతుబిడ్డ: గ్రెగర్ మెండెల్

పదో తరగతిలో అనువంశికత పాఠం చదివిన వాళ్లందరికీ మెండెల్ పేరు తెలుసు. 3:1 నిష్పత్తి తెలుసు. పొడవు మొక్కకూ పొట్టి మొక్కకూ సంకరణం చేసి, నాలుగు గడులు గీసి, మార్కులు తెచ్చుకున్న వాళ్లమే మనమందరం. అయితే ఆ పాఠంలో ఆయన గురించి ఉండేది రెండు మూడు వాక్యాలే. ఆస్ట్రియా దేశపు మత గురువు, మఠం తోటలో బఠాణీ మొక్కలు పెంచాడు, జన్యుశాస్త్ర పితామహుడు, అంతే. ఆయన చదువుకు డబ్బు ఎవరిచ్చారు, ఆ చదువు మధ్యలో ఎన్నిసార్లు ఆగింది, ఏ పరీక్షలో ఎన్నిసార్లు తప్పాడు అన్నవి అందులో ఉండవు. ఈ హాస్టల్లో ఉండి చదువుకుని, ఇప్పుడు వృక్షశాస్త్రంలో పి.జి. చేస్తున్న మేము ఆ సంగతులు యూనివర్సిటీ లైబ్రరీలో చదివాము. వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని అడిగినప్పుడు మొదట గుర్తుకొచ్చింది ఆయనే.

మెండెల్ 1822 జూలైలో హైన్జెన్‌డార్ఫ్ అనే చిన్న పల్లెలో పుట్టాడు. అప్పుడది ఆస్ట్రియా సామ్రాజ్యం, ఇప్పుడు చెక్ రిపబ్లిక్. తల్లిదండ్రులు పెట్టిన పేరు జోహాన్. తండ్రి ఆంటన్ రైతు. సొంత సేద్యం ఉన్నా వారానికి మూడు రోజులు జమీందారిణి పొలంలో కూలి లేకుండా పని చేయాలి. వెట్టి అంటే ఏమిటో మన తాతల కాలం కథలు విన్న వాళ్లకు విడమరచి చెప్పనక్కర్లేదు. తల్లి రోసీనె తోటమాలుల కుటుంబం నుంచి వచ్చింది. పెద్ద కూతురు వెరోనికా, తర్వాత జోహాన్, చివరిది థెరేసియా.

ఆ ఊళ్లో ఫాదర్ ష్రైబర్ అనే మత గురువు ఉండేవాడు. పిల్లలకు బైబిలుతో పాటు పండ్ల చెట్లకు అంటు కట్టడం, తేనెటీగలు పెంచడం కూడా నేర్పించేవాడు. ఆంటన్‌కూ చెట్ల మీద మంచి పట్టు ఉండేది. కాబట్టి చెట్టు నుంచి చెట్టుకు గుణం ఎలా పోతుందన్న ఆలోచన ఆ పిల్లవాడికి పుస్తకాల కన్నా ముందు పెరట్లోనే మొదలై ఉంటుందని మేము అనుకుంటాము.

ఊరి బడి పంతులు మకిట్టా ఈ కుర్రవాడు చురుకైనవాడని గుర్తించి పై చదువుకు పంపమని పట్టుబట్టాడు. ఒక్కగానొక్క కొడుకు. పొలం ఎవరు చూస్తారు? అయినా తల్లిదండ్రులు పంపారు. పదకొండేళ్ల వయసులో లైప్నిక్ అనే ఊరికి, ఆ మరుసటి సంవత్సరం 1834లో ట్రోపౌ పట్టణంలోని ఉన్నత పాఠశాలకు వెళ్లాడు. అక్కడ భోజనానికి కట్టే డబ్బు పూర్తిగా ఇచ్చే స్తోమత ఇంట్లో లేదు. సగం భోజనానికే కట్టారు. మిగిలిన సగానికి ఊరి నుంచి వచ్చే బండ్ల మీద అమ్మ రొట్టె, వెన్న పంపేది. బండి రాని వారం ఏం తినేవాడో ఎవరూ రాయలేదు. సెలవులకు ఇంటికెళ్లి ట్రంకు పెట్టెలో మురుకులు, ఊరగాయ సీసా పెట్టుకుని వచ్చే మనకు ఆ సంగతి ఊహించడం కష్టం కాదు.

1838లో అసలు దెబ్బ తగిలింది. వెట్టి పనిలో ఉండగా ఒక దుంగ మీద పడి ఆంటన్ ఛాతీ నలిగిపోయింది. ఆ తర్వాత ఆయన మునుపటిలా పని చేయలేకపోయాడు. పదహారేళ్ల జోహాన్ తన తిండి తనే సంపాదించుకోవాల్సి వచ్చింది. చిన్న తరగతుల పిల్లలకు ట్యూషన్లు చెబుతూ తన చదువు చదివాడు. మధ్యలో జబ్బుపడి నెలల తరబడి ఇంట్లో ఉండిపోయాడు. అయినా 1840లో ట్రోపౌ చదువు పూర్తి చేశాడు. విశ్వవిద్యాలయంలో చేరాలంటే ఇంకో రెండేళ్ల కోర్సు ఉంది, మన ఇంటర్మీడియట్ లాంటిది. దానికోసం ఓల్‌మ్యూట్స్ నగరానికి వెళ్లాడు. అక్కడ ఆయనను ఎరిగినవాళ్లు లేరు, సిఫారసు చేసేవాళ్లు లేరు. ట్యూషన్లు దొరకలేదు. ఆకలి, దిగులు కలిసి మళ్లీ మంచం పట్టించాయి. చదువు ఆపేసి ఇంటికి వచ్చేశాడు. ఒక సంవత్సరం పోయింది.

1841లో ఆంటన్ పొలాన్ని పెద్దల్లుడు అలోయిస్ స్టుర్మ్‌కు అమ్మేశాడు. ఆ ఒప్పందంలో కొడుకు చదువుకు కొంత కేటాయించారు, అది చాలదు. అప్పుడు చిన్న చెల్లెలు థెరేసియా తన పెళ్లి కోసం రావలసిన కట్నం వాటాలో కొంత అన్న చదువుకు ఇచ్చేసింది. అప్పటికి ఆమెకు పన్నెండేళ్లు. ఆ డబ్బుతోనే జోహాన్ తిరిగి ఓల్‌మ్యూట్స్ వెళ్లి 1843లో కోర్సు పూర్తి చేశాడు.

ఇక్కడ కొంచెం ఆగుతాము. మా ఇంట్లో డిగ్రీ చేసిన మొదటి తరం మాది. ఈ సంచిక చదువుతున్న వాళ్లలో చాలామందిదీ అదే పరిస్థితి. మన ఇళ్లలో ఎవరి చదువు ఆగితే మన చదువు సాగిందో లెక్క తీస్తే, చాలా ఇళ్లలో ఆ లెక్క అక్క దగ్గరో చెల్లెలి దగ్గరో తేలుతుంది. పత్తి ఏరడానికి పోయిన అక్క, చిన్న తమ్ముణ్ణి చూసుకోవడానికి ఐదో తరగతితో మానేసిన చెల్లెలు. థెరేసియా పేరు మన పాఠ్యపుస్తకంలో లేదు. ఉంటే బాగుండేదని మా అభిప్రాయం.

కోర్సు అయితే అయింది గాని ఆ తర్వాత ఏం చేయాలి? భౌతికశాస్త్రం చెప్పిన ప్రొఫెసర్ ఫ్రాంజ్ సలహా మీద జోహాన్ 1843లో బ్రూన్ నగరంలోని అగస్టీనియన్ మఠంలో చేరాడు. ఈ నగరాన్నే ఇప్పుడు బ్రనో అంటున్నారు. మఠంలో ఆయనకు గ్రెగర్ అనే పేరు పెట్టారు. దైవభక్తి పొంగి చేరాడని చాలామంది రాస్తుంటారు. పూట గడవడం గురించి ఇక చింత పడకుండా చదువుకోవచ్చని, తన పరిస్థితులే తన దారిని నిర్ణయించాయని ఆయనే తర్వాత ఒక దరఖాస్తులో రాసుకున్నాడు. ఇందులో దాచుకోవలసింది ఏమీ లేదు. ఆ మఠం కూడా మామూలు మఠం కాదు. మఠాధిపతి సిరిల్ నాప్‌కు విజ్ఞానశాస్త్రం మీద ఆసక్తి ఎక్కువ. పెద్ద గ్రంథాలయం, మొక్కల తోట, చదువుకున్న సన్యాసులు ఉన్న చోటు అది.

1847లో గ్రెగర్‌కు మత గురువు పట్టం ఇచ్చారు. ఆస్పత్రిలో రోగులను పరామర్శించే పని అప్పగిస్తే, వాళ్ల బాధ చూడలేక తానే జబ్బుపడ్డాడు. ఈ పనికి పనికిరాడు గాని పాఠం బాగా చెప్పగలడని నాప్ కనిపెట్టి, 1849లో త్స్‌నైమ్ పట్టణంలో బదులు ఉపాధ్యాయుడిగా పంపాడు. మన విద్యా వాలంటీర్ లాంటి ఉద్యోగం. పిల్లలకు, తోటి ఉపాధ్యాయులకు బాగా నచ్చాడు. పర్మనెంట్ కావాలంటే మాత్రం పరీక్ష పాస్ కావాలి. 1850లో రాశాడు, తప్పాడు. తప్పింది దేనిలో అనుకున్నారు? ప్రకృతిశాస్త్రంలోనే! జంతువుల వర్గీకరణ మీద, భూగర్భశాస్త్రం మీద సరిగా రాయలేకపోయాడు. విశ్వవిద్యాలయం ముఖం చూడకుండా సొంతంగా చదువుకున్నవాడికి ఆ పరీక్ష ఎంత కష్టమో డీఎస్సీకి కోచింగ్ లేకుండా కూర్చున్న వాళ్లకు తెలుస్తుంది.

నాప్ ఆయన్ను తిట్టలేదు. 1851లో మఠం ఖర్చుతో వియన్నా విశ్వవిద్యాలయానికి పంపాడు. అక్కడ డాప్లర్ దగ్గర భౌతికశాస్త్రం, ఉంగర్ దగ్గర వృక్షశాస్త్రం చదివాడు. శబ్దం పాఠంలో మనం చదివే డాప్లర్ ప్రభావం ఈ డాప్లర్‌దే. ప్రయోగానికి ముందు ప్రశ్న ఏమిటో తేల్చుకోవడం, వచ్చిన ఫలితాన్ని అంకెల్లో పెట్టడం మెండెల్‌కు అక్కడే అలవడింది. అంతవరకూ మొక్కల సంకరణం చేసినవాళ్లు చాలామందే ఉన్నారు. వాళ్లు పుట్టిన మొక్కలను చూసి వర్ణించారు. మెండెల్ లెక్కపెట్టాడు. తేడా అక్కడుంది.

1853లో తిరిగి వచ్చి బ్రూన్‌లో మళ్లీ బదులు ఉపాధ్యాయుడే అయ్యాడు. 1856లో రెండోసారి పరీక్షకు వెళ్లాడు. ఈసారి జబ్బుచేసి మధ్యలోనే తిరిగి వచ్చాడు. మళ్లీ ఎప్పుడూ రాయలేదు. దాదాపు పద్నాలుగు సంవత్సరాలు పర్మనెంట్ కాని మాస్టారుగానే పనిచేశాడు. ప్రపంచంలోని ప్రతి బడిలో ఇవాళ ఆయన పేరు చెబుతున్నారు, ఆయనకు మాత్రం పాఠం చెప్పే సర్టిఫికెట్ లేదు.

అదే 1856లో మఠం తోటలో బఠాణీ సంకరణాలు మొదలయ్యాయి. తోట అంటే పెద్దదేమీ కాదు, సుమారు 35 మీటర్ల పొడవు, 7 మీటర్ల వెడల్పు. బఠాణీ తన కాళ్ల మీద నిలబడే మొక్క కాదు, నులితీగలతో పట్టుకుని ఎగబాకే జాతి. కర్రలు, చెట్టు కొమ్మలు పాతి, దారాలు కట్టి పాకించాడు. అంతకుముందే విత్తనాల వ్యాపారుల దగ్గర 34 రకాలు తెచ్చి, రెండేళ్లు పండించి చూసి, తరతరానికీ గుణం మారని 22 రకాలను ఎంచుకున్నాడు. ఈ రెండేళ్ల ఓపికను పాఠంలో ఒక్క ముక్కలో శుద్ధ వంశక్రమం అని చెప్పేస్తాము.

బఠాణీనే ఎందుకు తీసుకున్నాడో ఆ పువ్వును విప్పి చూస్తే అర్థమవుతుంది. మన పెరట్లో ఏళ్ల తరబడి పాకే శంఖుపుష్పం కూడా ఈ కుటుంబానిదే. అది తలకిందులుగా ఉంటుంది గాని అమరిక అదే. జెండాలా ఒక పెద్ద రేకు, రెక్కల్లా రెండు, పడవలా కలుసుకున్న రెండు. ఆ పడవ లోపలే కేసరాలు, అండకోశం దాగి ఉంటాయి. బఠాణీలో బయటి పుప్పొడి లోపలికి రావడం చాలా అరుదు. తన పుప్పొడి తన కీలాగ్రం మీదే పడుతుంది. కాబట్టి మనిషి కలపదలచుకుంటే తప్ప కల్తీ జరగదు. మెండెల్ మొగ్గ విచ్చకముందే పడవ రేకును విప్పి, చిమటాతో కేసరాలను ఒక్కొక్కటే తీసేసి, వేరే మొక్క పుప్పొడి అద్దేవాడు. కొన్ని మొక్కలను కుండీల్లో గాజు ఇంట్లో పెంచి, పురుగులు వచ్చి తన లెక్క చెడగొడుతున్నాయేమో అని కూడా సరిచూసుకున్నాడు.

ఊదా పూల మొక్కకూ తెల్ల పూల మొక్కకూ కలిపితే పిల్ల మొక్కలన్నీ ఊదా పూలే పూశాయి. తెలుపు పోయిందా? ఆ పిల్ల మొక్కలను వాటంతట అవే విత్తనం కట్టనిచ్చి నాటాడు. 929 మొక్కలు వచ్చాయి. 705 ఊదా, 224 తెలుపు. తెలుపు ఎక్కడికీ పోలేదు, ఒక తరం దాగి ఉంది. గింజల ఆకారంలో 7,324 గింజలకు 5,474 గుండ్రం, 1,850 ముడతలు. గింజల రంగులో 8,023కు 6,022 పసుపు, 2,001 ఆకుపచ్చ. ఇలా ఏడు లక్షణాలు చూశాడు. ఎక్కడ చూసినా మూడుకు ఒకటి దగ్గరే తేలింది. 1863 దాకా సుమారు 28,000 మొక్కలు పరిశీలించాడు. బడిలో పాఠాలు చెప్పి, ప్రార్థనలు ముగించి, మిగిలిన వేళల్లో వేల గింజలను రంగు వారీగా వేరుచేసి లెక్కపెట్టిన మనిషి ఆయన. తల్లి, తండ్రి ఒక్కో గుణానికి ఒక్కో అంశం ఇస్తారని, రెండూ కలిసి ఉన్నా ఒకదానిలో ఒకటి కరిగిపోవని, తర్వాతి తరానికి వెళ్లేటప్పుడు మళ్లీ విడిపోతాయని ఆ లెక్కల నుంచే తేల్చాడు. అప్పటికి జన్యువు అనే మాటే పుట్టలేదు.

1936లో ఫిషర్ అనే గణాంక శాస్త్రవేత్త ఈ అంకెలు మరీ చక్కగా సరిపోతున్నాయని అనుమానం లేవనెత్తాడు. దాని మీద ఇప్పటికీ వాదాలు ఉన్నాయి. కానీ 1900 తర్వాత ఎందరు మళ్లీ చేసి చూసినా బఠాణీ అదే జవాబు చెప్పింది. మాకు అది చాలు.

1865 ఫిబ్రవరి 8న, మార్చి 8న బ్రూన్ ప్రకృతిశాస్త్ర సంఘంలో తన పని చదివి వినిపించాడు. మరుసటి సంవత్సరం వ్యాసం అచ్చయింది. ఆ సంచిక వందకు పైగా గ్రంథాలయాలకు, సంస్థలకు వెళ్లింది. విడిగా 40 ప్రతులు వేయించుకున్నాడు. ఎవరూ దాన్ని ముందుకు తీసుకుపోలేదు. మొక్కల మీద రాసిన వ్యాసంలో ఇన్ని అంకెలేమిటని అప్పటివాళ్లకు తోచి ఉంటుంది. మ్యూనిక్‌లోని ప్రసిద్ధ వృక్షశాస్త్రవేత్త నేగెలికి పంపితే ఆయన జవాబైతే రాశాడు గాని, తాను పనిచేస్తున్న హాక్‌వీడ్ మొక్క మీద ప్రయోగాలు చేయమన్నాడు. మెండెల్ చేశాడు. సన్నని పూలు, అద్దం పెట్టి వెలుతురు కేంద్రీకరించి చూడాలి. కళ్లు దెబ్బతిన్నాయి. ఫలితాలు బఠాణీతో కలవలేదు. ఆ మొక్క చాలావరకు ఫలదీకరణం లేకుండానే విత్తనం కడుతుందని, కాబట్టి పిల్ల మొక్క తల్లిలాగే ఉంటుందని అప్పటికి ఎవరికీ తెలియదు. పెద్దవాళ్ల సలహా కూడా ఒక్కోసారి ఇలా పనిచేస్తుంది.

1868లో నాప్ చనిపోయాక మెండెల్‌ను మఠాధిపతిగా ఎన్నుకున్నారు. బడి ఉద్యోగం పోయింది, తోట పని తగ్గింది. తేనెటీగలు, వాతావరణ నమోదులు మాత్రం వదల్లేదు. 1874లో మఠాల మీద ప్రభుత్వం పన్ను వేస్తే అది అన్యాయమని చనిపోయే దాకా కట్టలేదు. ఆ గొడవలోనే చివరి పదేళ్లు కరిగిపోయాయి. అంత పట్టుదల ఆ పన్ను మీద కాకుండా మొక్కల మీద పెట్టి ఉంటే అని మాకు అనిపిస్తుంది.

మఠాధిపతి అయ్యాక చేతిలో డబ్బు ఉంది. దానితో ఆయన చేసిన పని ఒకటి తప్పక చెప్పాలి. చెల్లెలు థెరేసియాకు ముగ్గురు కొడుకులు. ముగ్గురి చదువు ఖర్చూ తనే పెట్టుకున్నాడు. వాళ్లలో అలోయిస్, ఫెర్డినాండ్ డాక్టర్లయ్యారు. సొంత ఊళ్లో అగ్నిమాపక దళానికి కూడా విరాళం ఇచ్చాడు.

1884 జనవరి 6న మూత్రపిండాల జబ్బుతో కన్నుమూశాడు. అంత్యక్రియల ప్రార్థనలో ఆర్గన్ వాయించింది తర్వాత ప్రపంచ ప్రసిద్ధుడైన సంగీతకారుడు యానాచెక్. ఊరంతా మంచి మఠాధిపతి పోయాడని బాధపడింది. శాస్త్రవేత్త పోయాడని ఎవరికీ తెలియదు. ఆయన కాగితాలు చాలావరకు తగలబెట్టేశారు.

1900లో డివ్రీస్, కారెన్స్, షెర్మాక్ అనే ముగ్గురు, మూడు చోట్ల, ఆ పాత వ్యాసాన్ని వెలికి తెచ్చారు. ఇంగ్లండులో బేట్సన్ దాన్ని నెత్తిన పెట్టుకుని తిరిగాడు. ఆయన, ఎడిత్ సాండర్స్, పున్నెట్ కలిసి మెండెల్ లెక్కను ఇంకో తీగ మీద పరీక్షించారు. అది స్వీట్ పీ, అందం కోసం, వాసన కోసం తోటల్లో పెంచే బఠాణీ చుట్టం. 1699లో కుపాని అనే సన్యాసి సిసిలీ నుంచి దాని విత్తనాలు ఇంగ్లండుకు పంపాడు. దానికి దగ్గర బంధువు ఇంకొకటి ఉంది. వేరు చావకుండా ఏటేటా చిగురించి పాకుతుంది, పువ్వు అందమే గాని వాసన ఉండదు. మనం కేసరి పప్పు అనేది కూడా ఈ ప్రజాతిదే. బేట్సన్ వాళ్లు రెండు తెల్ల స్వీట్ పీ రకాలను కలిపితే పిల్ల మొక్కలన్నీ ఊదా పూలు పూశాయి! తెలుపుకు తెలుపు కలిస్తే ఊదా ఎలా? రంగు రావడానికి రెండు జన్యువులు కావాలి, ఒక్కో తెలుపులో ఒక్కొక్కటి లోపించింది. తర్వాతి తరంలో 9:7 వచ్చింది. 1905లో అదే తీగలో పూల రంగు, పుప్పొడి ఆకారం విడిపోకుండా జతగా నడవడం గమనించారు. ఇంటర్లో మనం చదివే సహలగ్నత అక్కడి నుంచి మొదలైంది. మనం గీసే గడులకు పేరిచ్చింది ఈ పున్నెట్టే. గింజ ముడతపడడానికి కారణమైన జన్యువు 1990లో దొరికింది. ఏడు లక్షణాల్లో మిగిలిపోయిన వాటి జన్యువులు 2025 నాటికి తేలాయి.

1902లో హైన్జెన్‌డార్ఫ్‌లో, ఆయన విరాళమిచ్చిన ఊరి అగ్నిమాపక కేంద్రం గోడకు మెండెల్ పేరున ఒక శిలాఫలకం పెట్టారు. ఆ రోజు సభలో ఆయన గురించి మాట్లాడింది డాక్టర్ అలోయిస్ షిండ్లర్, థెరేసియా కొడుకు. మెండెల్ చిన్నతనపు సంగతులు, సగం భోజనం, దుంగ దెబ్బ, చెల్లెలి కట్నం, చాలావరకు ఆ మేనల్లుళ్లు చెప్పడం వల్లనే తర్వాతి వాళ్లకు అందాయి. 1924లో బ్రూన్ ఉపాధ్యాయుడు హ్యూగో ఇల్టిస్ వాటన్నిటినీ పోగుచేసి జీవితచరిత్ర రాశాడు.